అగ్రరాజ్యాల పోటీ, మధ్యలో నలిగే దేశాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, చైనా, రష్యాల గొడవ గురించి ఎక్కడ మాట మొదలైనా అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ప్రతిసారీ మొదట్నుంచి చెప్పుకొచ్చే ఓపిక నాకూ తగ్గింది, అందుకే అన్నీ ఒకచోట పెట్టేశా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి. "చివరికి ఎవరు గెలుస్తారు" అనేదానికి మాత్రం ఇక్కడ జవాబు వెతక్కండి. ఏ దిబ్బ దగ్గర, ఏ పోర్టులో, ఏ కేబుల్ మీద గొడవ నడుస్తోందో చూస్తే ఈ పోటీ అర్థమైనంతగా గెలుపోటముల లెక్కలేస్తే అర్థం కాదు అని నా అభిప్రాయం.

## ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నవాళ్ళకి

అమెరికా, చైనా బిజినెస్ బాగానే చేసుకుంటున్నాయిగా, మరి గొడవేంటి?

అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1972లో నిక్సన్ బీజింగ్ వెళ్ళాడు, 1979లో దౌత్య సంబంధాలు వచ్చాయి, 2001 డిసెంబర్‌లో చైనా డబ్ల్యూటీవోలో చేరింది. చైనా చేతిలో నాలుగు డబ్బులు ఆడితే వాళ్ళే మెల్లగా మనలా మారతారులే అని అమెరికాలో చాలామంది నమ్మారు. డబ్బులు వచ్చాయి, మార్పు మాత్రం వాళ్ళనుకున్నట్టు రాలేదు, ఆ డబ్బుతో చైనా నౌకల సంఖ్యలో ప్రపంచంలోనే పెద్ద నేవీని కట్టుకుంది. 2017 చివర్లో అమెరికా తన జాతీయ భద్రతా పత్రంలో చైనా, రష్యాలని పోటీదారులని పేరు పెట్టి మరీ రాసింది. తమాషా ఏంటంటే ఆ తర్వాత కూడా వ్యాపారం ఆగలేదు, 2022లో రెండు దేశాల మధ్య సరుకుల వ్యాపారం దాదాపు 690 బిలియన్ డాలర్లు. రోజూ సరుకులు ఇచ్చిపుచ్చుకుంటూనే ఒకరి మీద ఒకరు మిసైళ్ళు గురిపెట్టుకుని కూర్చున్నారు అనమాట.

ఇది ఇంకో కోల్డ్ వారేనా?

పోలికలు ఉన్నాయి, కానీ ఆ పేరు పెట్టేస్తే సగం విషయం మిస్ అవుతాం. అప్పుడు గీత క్లియర్‌గా ఉండేది, 1949లో అమెరికా వైపు నాటో, 1955లో సోవియట్ వైపు వార్సా కూటమి, నువ్వు అటా ఇటా అన్నట్టు. సోవియట్ యూనియన్‌తో అమెరికాకి చెప్పుకోదగ్గ వ్యాపారమే లేదు, కాబట్టి తెంచుకోవడానికీ పెద్దగా ఏం లేదు. ఇప్పుడు అలా కాదు, భద్రత కోసం అమెరికా వైపు చూసే జపాన్, సౌత్ కొరియా, ఆస్ట్రేలియాలకి వ్యాపారంలో నంబర్ వన్ పార్ట్‌నర్ చైనానే. ఒక్కటి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, పెద్దోళ్ళ దగ్గర అణుబాంబులు ఉన్నాయి కాబట్టి నేరుగా కొట్టుకోరు, ఆ కసి ఎక్కడో మూడో చోట తీర్చుకుంటారు.

రష్యా ఎకానమీ చిన్నదే కదా, దాన్ని పెద్ద దేశాల లిస్టులో ఎందుకు పెడతారు?

డబ్బు లెక్క చూస్తే నిజమే. స్టాక్‌హోమ్‌లోని సిప్రీ అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2024లో మిలిటరీ ఖర్చు అమెరికాది 997 బిలియన్ డాలర్లు, చైనాది 314, రష్యాది 149. కానీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అణ్వాయుధాలు రష్యా దగ్గరే ఉన్నాయి, సెక్యూరిటీ కౌన్సిల్‌లో వీటో ఉంది, ఆయిల్, గ్యాస్, గోధుమలు, ఎరువులు ఉన్నాయి. పనులు కట్టబెట్టే శక్తి తక్కువేమో గానీ చెడగొట్టే శక్తికి మాత్రం లోటు లేదు.

రష్యా, చైనా నిజంగా జిగిరీ దోస్తులేనా?

2022 ఫిబ్రవరి 4న, అంటే ఉక్రెయిన్ మీద దాడికి ఇరవై రోజుల ముందు, మా స్నేహానికి హద్దుల్లేవని ఇద్దరూ కలిసి ప్రకటించారు. కానీ 1969లో ఉసురి నదిలో ఒక చిన్న లంక కోసం వీళ్ళిద్దరి సైనికులే కాల్చుకు చచ్చారు. వ్లాడివోస్టోక్ ఉన్న నేల కూడా 1860 దాకా చైనా రాజ్యానిదే, ఆ సంగతి బీజింగ్‌లో ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు ఇద్దరికీ అమెరికా అంటే పడదు కాబట్టి కలిసి ఉన్నారు, పైగా యూరప్ గ్యాస్ కొనడం బాగా తగ్గించేశాక రష్యా సరుకు చైనా అడిగిన రేటుకే పోతోంది. ప్రేమ పెళ్ళి కాదు ఇది, అవసరం కలిపిన సంబంధం, కాకపోతే అవసరం ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుంది.

## న్యూస్ రోజూ ఫాలో అవుతున్నవాళ్ళకి

"గ్రే జోన్" అని తెగ వాడుతున్నారు, అంటే ఏంటి?

యుద్ధం అనలేం, శాంతి అనలేం, ఆ మధ్యలో ఉండేది. మన భాషలో పొమ్మనలేక పొగబెట్టడం.

దీనికి సియెర్రా మాడ్రే అనే ఓడని మించిన ఉదాహరణ లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఓడ, తర్వాత ఫిలిప్పీన్స్ నేవీకి వచ్చింది. 1999లో ఫిలిప్పీన్స్ దాన్ని తీసుకెళ్ళి సౌత్ చైనా సీలో సెకండ్ థామస్ షోల్ అనే దిబ్బ మీద కావాలనే ఎక్కించి వదిలేసింది. అప్పట్నుంచి అది అక్కడే తుప్పు పడుతోంది, అందులో గుప్పెడు మంది సైనికులు కాపురం ఉంటారు, ఆ ఓడ అక్కడ ఉన్నంతకాలం ఆ దిబ్బ మాదే అని ఫిలిప్పీన్స్ వాదన. చైనా దాన్ని పేల్చదు. తిండి, నీళ్ళు, రిపేరు సామాను తెచ్చే పడవలకి కోస్ట్ గార్డ్ ఓడలు అడ్డం పెడుతుంది, వాటర్ కెనాన్లతో కొడుతుంది. 2024 జూన్ 17న అయితే చైనా వాళ్ళు కత్తులు, గొడ్డళ్ళతో వచ్చి రబ్బరు పడవలకి తూట్లు పొడిచారు, ఆ తోపులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. అమెరికాకీ ఫిలిప్పీన్స్‌కీ 1951 నుంచి రక్షణ ఒప్పందం ఉంది, సైన్యం మీద దాడి జరిగితే అమెరికా దిగాలి. మరి బొటనవేలు తెగితే దాడేనా? నీళ్ళు కొడితే దాడేనా? ఆ ఘటనకి రెండున్నర వారాల ముందు, మే 31న సింగపూర్‌లో ఫిలిప్పీన్స్ ప్రెసిడెంట్ మార్కోస్, కావాలని చేసిన పనివల్ల మా పౌరుడొకడు చనిపోతే అది యుద్ధ చర్యకి చాలా దగ్గర అన్నాడు. ఆ గీత దాటకుండా, గీత పక్కనే రోజూ నడవడమే గ్రే జోన్.

తైవాన్‌ని దేశంగా గుర్తించని అమెరికా ఆయుధాలు మాత్రం ఎందుకు అమ్ముతుంది?

కర్ర విరక్కూడదు, పాము చావకూడదు, అదే ఇక్కడి పాలసీ. 1979 జనవరి 1న అమెరికా బీజింగ్ ప్రభుత్వాన్ని గుర్తించి తైపీతో అధికారిక సంబంధం తెంచుకుంది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ తైవాన్ రిలేషన్స్ యాక్ట్ అనే చట్టం చేసింది, తైవాన్ తనని తాను కాపాడుకోడానికి కావాల్సిన ఆయుధాలు ఇవ్వాలని అందులో ఉంది. చైనా దాడి చేస్తే అమెరికా సైన్యం వస్తుందా అంటే వస్తుందనీ రాయలేదు, రాదనీ రాయలేదు, కావాలనే. వస్తామంటే తైవాన్ ధైర్యం చేసి స్వాతంత్ర్యం ప్రకటిస్తుందేమో, రామంటే చైనా దిగిపోతుందేమో అని రెండు భయాలు. ఇలా నలభై ఏళ్ళకి పైగా నెట్టుకొచ్చారు, చూడ్డానికి దొంగ నాటకంలా ఉంటుంది గానీ నన్నడిగితే పనిచేసిన దొంగ నాటకమే.

2027లో చైనా తైవాన్ మీద దాడి చేయడం ఖాయమట కదా?

ఖాయం కాదు. ఆ ఏడాది ఎక్కడ్నుంచి వచ్చిందంటే, 2027కల్లా రెడీగా ఉండమని షీ జిన్‌పింగ్ తన సైన్యానికి చెప్పాడని అమెరికా ఇంటెలిజెన్స్ అంచనా. రెడీగా ఉండమనడం వేరు, దిగమనడం వేరు, అప్పటి సీఐఏ డైరెక్టర్ బర్న్స్ కూడా 2023లో ఇదే తేడా చెప్పాడు. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లో ఆ తేడా పట్టదు అంతే.

సముద్రం దాటి దిగడం ఎంత కష్టమో కూడా ఆలోచించాలి. జలసంధి ఇరుకైన చోట కూడా దాదాపు 130 కిలోమీటర్లు, లక్షల మందిని, ట్యాంకుల్ని ఓడల మీద దాటించాలి, తుఫాన్లు లేని నెలలు చూసుకోవాలి, సైన్యం దిగడానికి పనికొచ్చే బీచ్‌లూ తక్కువే. అందుకే దాడి కంటే దిగ్బంధం గురించి ఎక్కువ భయపడాలి అనేవాళ్ళ మాటే నాకు సబబుగా అనిపిస్తుంది. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైపీ వచ్చి వెళ్ళాక చైనా ద్వీపం చుట్టూ విన్యాసాలు చేసింది కదా, ఓడలు, విమానాలు దారి మార్చుకోవాల్సి వచ్చింది, దిగ్బంధం ఎలా ఉంటుందో చిన్న శాంపిల్ అది.

సముద్రం అడుగున కేబుల్ తెగితే అంత రాద్ధాంతం ఎందుకు?

ఖండాల మధ్య డేటాలో 95 శాతానికి పైగా ఆ కేబుళ్ళలోనే పోతుంది, శాటిలైట్లలో కాదు. 2023 ఫిబ్రవరిలో తైవాన్‌కి చెందిన మాత్సు దీవులకి వెళ్ళే రెండు కేబుళ్ళు వారం తేడాలో తెగాయి, చైనా చేపల పడవ ఒకటి, సరుకుల ఓడ ఒకటి కారణమని తైవాన్ చెప్పింది, కావాలని చేశారని మాత్రం అనలేకపోయింది. అక్కడి పన్నెండు పదమూడు వేల మందికి దాదాపు 50 రోజులు నెట్ నత్తనడక నడిచింది, ఒక్క మెసేజ్ పోవడానికి నిమిషాలు పట్టేది. బాల్టిక్ సముద్రంలో కూడా 2024 నవంబర్‌లో రెండు కేబుళ్ళు తెగాయి. లంగరు పొరపాటున లాగిందా, కావాలని లాగిందా నిరూపించడం మహా కష్టం, చేసేవాడికి కావాల్సింది కూడా ఆ అనుమానమే.

చిప్‌ల కోసం ఇంత యుద్ధమేంటి, ఎవరికి వాళ్ళు తయారు చేసుకోవచ్చుగా?

చేసుకోలేరు, అదే సమస్య. అన్నిటికంటే అడ్వాన్స్‌డ్ చిప్‌లలో దాదాపు 90 శాతం తైవాన్‌లో టీఎస్ఎంసీ అనే కంపెనీ చేస్తుంది. వాటిని చెక్కడానికి కావాల్సిన ఈయూవీ మెషీన్ ప్రపంచం మొత్తం మీద నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ అనే కంపెనీ ఒక్కటే అమ్ముతుంది, అది చైనాకి అమ్మే వీల్లేదు. 2022 అక్టోబర్ 7న అమెరికా అడ్వాన్స్‌డ్ చిప్‌లు, వాటిని చేసే మెషీన్లు చైనాకి వెళ్ళకుండా పెద్ద ఆంక్షలు పెట్టింది. ఏడాది తిరక్కుండానే 2023 ఆగస్టులో హువావే చైనాలోనే చేసిన 7 నానోమీటర్ల చిప్‌తో ఫోన్ దింపింది. ఆంక్షలు పనిచేయలేదనడానికి లేదు, ఆపేశాయనడానికీ లేదు. లేటు చేశాయి, ఖర్చు పెంచాయి, చైనాలో కసి కూడా పెంచాయి.

రేర్ ఎర్త్స్ (కార్లు, ఆయుధాల అయస్కాంతాల్లో వాడే లోహాలు) అరుదైనవి కాదట కదా, మరి చైనా ఎలా బెదిరిస్తోంది?

నేలలో అరుదు కాదు నిజమే, వాటిని వేరు చేసి శుద్ధి చేసే పని మురికి పని, ఆ పనిని మిగతా వాళ్ళందరూ చైనాకి వదిలేశారు. ఇప్పుడు శుద్ధిలో దాదాపు 90 శాతం అక్కడే. 2010లో సెంకాకు దీవుల దగ్గర చైనా పడవ జపాన్ కోస్ట్ గార్డ్‌ని గుద్దిన గొడవలో జపాన్‌కి సరఫరా ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా టారిఫ్‌లకి జవాబుగా చైనా ఏడు రకాల ఎగుమతి మీద లైసెన్స్ పెట్టేసరికి అమెరికా, యూరప్‌లలో కొన్ని కార్ల ప్లాంట్లు కొన్నాళ్ళు ఆగాయి. జపాన్‌కి దెబ్బ ముందే తగిలింది కాబట్టి ముందే మేలుకుని ఆస్ట్రేలియా గనుల్లో డబ్బు పెట్టింది. మిగతావాళ్ళు పదిహేనేళ్ళు నిద్రపోయారు.

## మ్యాప్ ముందేసుకుని కూర్చున్నవాళ్ళకి

సౌత్ చైనా సీ పేరులోనే చైనా ఉంది, మరి చైనాది కాదా?

పేరుదేముంది, హిందూ మహాసముద్రం మొత్తం ఇండియాదా మరి. 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా ఆ దేశపు జలాలు, 200 మైళ్ళ దాకా చేపలు, గ్యాస్ లాంటివాటి మీద దానికి హక్కు, మిగతా ఓడలు మాత్రం అక్కడ స్వేచ్ఛగా తిరగొచ్చు. చైనా తన మ్యాప్ మీద తొమ్మిది గీతలు గీసి ఆ సముద్రంలో చాలా భాగం మాది అంటుంది, ఆ గీతలు వియత్నాం, మలేసియా, బ్రూనై, ఫిలిప్పీన్స్‌ల 200 మైళ్ళలోకి చొచ్చుకుపోతాయి. ఫిలిప్పీన్స్ కేసు వేసింది, 2016 జులై 12న హేగ్‌లో ట్రిబ్యునల్ ఆ గీతలకి చట్టబలం లేదని తేల్చింది. చైనా ఆ తీర్పుని అసలు ఒప్పుకోలేదు.

ఈలోగా 2013 చివరి నుంచి దిబ్బల మీద ఇసుక పోసి దీవులు చేసి, ఫియరీ క్రాస్, సుబి, మిస్చీఫ్ అనే మూడు చోట్ల రన్‌వేలు కూడా వేసేసింది. ఇంకో విడ్డూరం, ఆ చట్టాన్ని పాటించండి అని రోజూ చెప్పే అమెరికా ఆ ఒప్పందాన్ని ఇంతవరకు రాటిఫై చేయలేదు. చేసిన చైనా పాటించదు, పాటిస్తానన్న అమెరికా చేయలేదు.

మలక్కా జలసంధి అంటే చైనాకి ఎందుకంత గుబులు?

పడమటి నుంచి చైనాకి వచ్చే ఆయిల్‌లో ఎక్కువ భాగం అందులోంచే పోవాలి, సింగపూర్ దగ్గర ఒకచోట దాని వెడల్పు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. యుద్ధం వస్తే ఎవరైనా అక్కడ గొంతు నొక్కేస్తారనే భయాన్ని 2003లోనే అప్పటి చైనా ప్రెసిడెంట్ హు జింటావో బయటపెట్టాడు. దానికి విరుగుడుగా మయన్మార్‌లోని చౌక్‌ఫ్యూ నుంచి చైనాలోని యునాన్‌కి ఆయిల్ పైప్‌లైన్ వేశారు, కానీ దాని కెపాసిటీ రోజుకి నాలుగున్నర లక్షల బ్యారెళ్ళ లోపే, చైనా దిగుమతి రోజుకి కోటి బ్యారెళ్ళకి పైనే. ఏ మూలకి? ఇండియాకి అండమాన్ నికోబార్‌లో 2001 నుంచి త్రివిధ దళాల కమాండ్ ఉంది, ఆ దీవులు సరిగ్గా ఈ జలసంధి పడమటి వాకిట్లో ఉన్నాయి, అందుకే వాటి పేరు ఈమధ్య అంతగా వినిపిస్తోంది.

జిబౌటీ లాంటి చిన్న దేశంలో అందరికీ బేస్‌లు ఎందుకు?

ఎర్ర సముద్రం నోటి దగ్గర ఉంది కాబట్టి. జనాభా పది లక్షల చిల్లర, కానీ అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ అన్నిటికీ అక్కడ స్థావరాలున్నాయి, 2017లో చైనా కూడా విదేశాల్లో తన మొట్టమొదటి బేస్ అక్కడే తెరిచింది. అమెరికా బేస్‌కి దూరం మహా అయితే పది పన్నెండు కిలోమీటర్లు. 2018లో మా పైలట్ల కళ్ళలోకి మీవాళ్ళు లేజర్లు కొడుతున్నారని అమెరికా కంప్లయింట్, మేం కొట్టలేదని చైనా. ఇద్దరు పగవాళ్ళకీ పక్కపక్క పోర్షన్లు అద్దెకిచ్చిన ఇంటి ఓనర్‌లా జిబౌటీ మాత్రం ఇద్దరి దగ్గరా అద్దె వసూలు చేసుకుంటోంది. ఎవరు ఎవర్ని వాడుకుంటున్నారో మీరే చెప్పండి.

శ్రీలంక హంబన్‌టోట పోర్టుని చైనా అప్పు కింద లాగేసుకుందా?

ఎంత ప్రచారమో అంత తప్పు కూడా ఉంది ఇందులో. 2017లో ఆ పోర్టుని చైనా కంపెనీకి 99 ఏళ్ళ లీజుకి ఇచ్చింది నిజం, బదులుగా వచ్చింది 1.12 బిలియన్ డాలర్లు. కానీ ఆ డబ్బుతో పోర్టు అప్పు రద్దవలేదు, ఆ అప్పు అలాగే ఉంది, వచ్చిన డాలర్లు వేరే చెల్లింపులకి, విదేశీ మారక నిల్వలకి వాడుకున్నారు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చేతులెత్తేసినప్పుడు దాని నెత్తి మీద చైనా అప్పు కంటే మార్కెట్లో అమ్మిన బాండ్ల అప్పే ఎక్కువ.

అయితే భద్రత కోణంలో ఇండియా భయం ఉత్త అనుమానం కాదు. అదే ఏడాది ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే చైనా ట్రాకింగ్ షిప్ (మిసైళ్ళు, శాటిలైట్ల మీద కన్నేసేది) అక్కడికి వచ్చి ఆగింది, ఇండియా వద్దన్నది, శ్రీలంక ముందు వాయిదా వేయమంది, తర్వాత రానిచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఉక్రెయిన్ యుద్ధానికి నల్ల సముద్రంతో పనేంటి?

చాలా ఉంది. 1936 మాంట్రో ఒప్పందం ప్రకారం నల్ల సముద్రంలోకి వెళ్ళే జలసంధుల తాళం టర్కీ చేతిలో ఉంది, 2022 ఫిబ్రవరి చివర్లో యుద్ధనౌకలకి ఆ దారి మూసేసింది, దాంతో రష్యా బయటనుంచి కొత్త నౌకలు తెచ్చుకోలేకపోయింది. సొంత నేవీ అంటూ పెద్దగా లేని ఉక్రెయిన్ మిసైళ్ళతో, డ్రోన్ బోట్లతో రష్యా ఫ్లీట్‌ని క్రిమియాలోని సెవస్తోపోల్ నుంచి తూర్పుకి తరిమేసింది. నాటో మెంబర్ అయ్యుండి టర్కీ ఇటు ఉక్రెయిన్‌కి డ్రోన్లు అమ్మింది, అటు రష్యా గ్యాస్ కొంది, 2022 జులైలో ఐక్యరాజ్యసమితితో కలిసి ధాన్యం ఒప్పందం కుదిర్చింది కూడా. ఏడాదికే రష్యా అందులోంచి తప్పుకుంది అనుకోండి.

## చిన్న దేశాలు, ఇండియా గురించి అడిగేవాళ్ళకి

చిన్న దేశాలు ఏదో ఒక పక్షం తేల్చుకోవచ్చుగా, గోడ మీద పిల్లుల్లా ఎందుకు?

ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయని వాళ్ళకి బాగా తెలుసు కాబట్టి. వియత్నాంని చూడండి, 2023 సెప్టెంబర్‌లో బైడెన్ వచ్చాడు, డిసెంబర్‌లో షీ జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్. పది నెలల్లో ముగ్గుర్నీ హనోయ్ రెడ్ కార్పెట్ మీద నడిపించింది. అమెరికాతో ఇరవై ఏళ్ళ యుద్ధం, చైనాతో 1979లో యుద్ధం, ఇద్దరితోనూ ఇప్పుడు వ్యాపారం. దీన్ని పిరికితనం అనేవాళ్ళు ఉన్నారు, నాకైతే పొరుగున చైనా ఉన్న దేశం చేయగలిగిన తెలివైన పని ఇదే అనిపిస్తుంది. కాకపోతే ఈ ఆట అందరికీ కుదరదు. సొంత సైన్యం, సొంత ఎగుమతులు ఉండి బేరం ఆడగలిగినవాడికే కుదురుతుంది.

క్వాడ్ అంటే ఆసియా నాటోనా?

కాదు. నాటోలో ఒకరి మీద దాడి అందరి మీద దాడే అనే ఐదో ఆర్టికల్ ఉంది, అది కూడా ఇంతవరకు ఒక్కసారే, 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత వాడారు. క్వాడ్‌కి ఒప్పందమే లేదు. 2004 సునామీ సాయంలో అమెరికా, ఇండియా, జపాన్, ఆస్ట్రేలియా ఈ నాలుగు దేశాలు కలిసి పనిచేశాయి, 2007లో కూర్చుని మాట్లాడుకున్నాయి, తర్వాత చల్లారిపోయింది, 2017లో మళ్ళీ లేచింది, 2021 మార్చిలో మొదటిసారి నాయకులు వీడియోలో కలిశారు. సముద్రంలో ఎవరి ఓడ ఎక్కడుందో సమాచారం పంచుకోవడం లాంటి పనులు చేస్తారు. సైనిక కూటమి అనే మాట ఇండియా నోట రాదు, రానివ్వదు.

ఇండియా ఇటు క్వాడ్‌లో ఉంటూ అటు రష్యా ఆయిల్ కొనడం రెండు పడవల ప్రయాణం కాదా?

రెండు పడవలే, కానీ ఒకదాంట్లోకి పూర్తిగా దూకితే ఏమవుతుందో చూడాలి. సైన్యం వాడే సామాను చాలావరకు రష్యాది, ఎస్-400 అనే ఎయిర్ డిఫెన్స్ మిసైల్ సిస్టమ్ కోసం 2018లో 5.43 బిలియన్ డాలర్ల ఒప్పందం, స్పేర్ పార్టులు ఆగితే ఫైటర్లు షెడ్డుకే. అయినా మెల్లగా జరుగుతోంది ఇండియా, సిప్రీ లెక్కల్లో 2010-14 మధ్య ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం, 2020-24లో 36. ఆయిల్ అయితే రివర్స్, యుద్ధానికి ముందు నామమాత్రంగా ఉన్నది 2023కల్లా మూడో వంతు దాటింది, కారణం సింపుల్, డిస్కౌంట్.

దీనికి బిల్లు కూడా వచ్చింది, 2025 ఆగస్టులో ఆ ఆయిల్ పేరు చెప్పి అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసింది, మొత్తం 50కి చేరింది. స్వతంత్ర విదేశాంగ విధానం ఫ్రీగా రాదు, దాని ఖరీదు ఇలా ఎగుమతిదారులు కడతారు, ఆ సంగతి టీవీ డిబేట్లలో ఎవరూ ఎత్తరు.

గల్వాన్‌లో ఇరవై మంది చనిపోయినా తుపాకీ ఎందుకు పేలలేదు?

వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. 2020 జూన్ 15 రాత్రి రాళ్ళు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఇనుప రాడ్లతో కొట్టుకున్నారు, గడ్డకట్టే నదిలో పడినవాళ్ళు కూడా చనిపోయారు. ఇండియా 20 మందిని పోగొట్టుకుంది, చైనా ఎనిమిది నెలల తర్వాత నలుగురని ఒప్పుకుంది. 2024 అక్టోబర్‌లో దెప్సాంగ్, డెమ్‌చోక్‌ల దగ్గర పెట్రోలింగ్ మీద అంగీకారం కుదిరింది, అలాగని రెండువైపులా సైన్యం మొత్తం ఇళ్ళకి వెళ్ళిపోలేదు.

ఆకస్ (అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల రక్షణ ఒప్పందం) వచ్చినప్పుడు ఫ్రాన్స్ ఎందుకలిగింది?

ఆస్ట్రేలియా ఫ్రాన్స్ దగ్గర 12 డీజిల్ సబ్‌మెరైన్లు కొంటానని సంతకం పెట్టి, 2021 సెప్టెంబర్‌లో అది కాన్సిల్ చేసి అమెరికా, బ్రిటన్‌లతో అణు ఇంధనంతో నడిచే సబ్‌మెరైన్లకి వెళ్ళింది. ఫ్రాన్స్ వాషింగ్టన్, కాన్‌బెరాల నుంచి రాయబారుల్ని వెనక్కి పిలిచింది. మిత్రులే, కానీ కాంట్రాక్ట్ దగ్గర మిత్రులు కారు.

## యుద్ధం దాకా వెళ్తుందా అని భయపడేవాళ్ళకి

పెద్ద దేశాల మధ్య హాట్‌లైన్ ఉంటుందిగా, పొరపాటు జరిగితే ఫోన్ చేసుకోరా?

ఫోన్ ఉండటం వేరు, ఎత్తడం వేరు. 1962 క్యూబా సంక్షోభంలో మాస్కో నుంచి ఉత్తరం వాషింగ్టన్ చేరి, డీకోడ్ అయ్యి, అనువాదం అయ్యేసరికి గంటలకి గంటలు పట్టేది. ఆ భయంతోనే 1963లో హాట్‌లైన్ పెట్టారు, సినిమాల్లో చూపించే ఎర్ర ఫోన్ కాదు అది, టెలిటైప్ మెషీన్.

చైనాతో కథ వేరు. 2001 ఏప్రిల్‌లో హైనాన్ దగ్గర అమెరికా నిఘా విమానం, చైనా ఫైటర్ గుద్దుకుని చైనా పైలట్ చనిపోయాడు, 24 మంది అమెరికా సిబ్బంది 11 రోజులు చైనా చేతిలో ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో తమ దేశం మీదకి వచ్చిన చైనా బెలూన్‌ని కూల్చాక అమెరికా రక్షణ మంత్రి మాట్లాడదామంటే చైనా ఒప్పుకోలేదు. పెలోసీ పర్యటన తర్వాత తెగిన సైనిక సంప్రదింపులు 2023 నవంబర్‌లో బైడెన్, షీ కలిశాకే మళ్ళీ మొదలుపెడదాం అనుకున్నారు. అమెరికాకి ఫోన్ ప్రమాదం తగ్గించే సాధనం, చైనాకి అలిగినట్టు చూపించే సాధనం. నాకు నిద్ర పట్టనివ్వనిది కుట్ర కాదు, ఇదిగో ఈ ఎత్తని ఫోను.

అణ్వాయుధాల మీద ఒప్పందాలు ఇంకా ఉన్నాయా?

ఒక్కొక్కటే పోయాయి. అమెరికా, రష్యాల మధ్య 1987 నాటి మధ్యశ్రేణి మిసైళ్ళ ఒప్పందం 2019 ఆగస్టులో పోయింది. మోహరించిన వార్‌హెడ్లు 1,550 దాటకూడదన్న న్యూ స్టార్ట్‌ని 2023లో రష్యా పక్కన పెట్టింది, దాని గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. చైనా వీటిల్లో ఎప్పుడూ లేదు, సిప్రీ అంచనాల్లో 2023లో దాదాపు 410 ఉన్న దాని వార్‌హెడ్లు 2025కి 600 అయ్యాయి. ఇద్దరి మధ్య కుదిరిన లెక్కలు ముగ్గురికి కుదరడం లేదు, నేను మిగతా ఇద్దరితో కలిపి సమానంగా ఉండాలి అని ఎవరికి వాళ్ళు అంటే అది తేలే లెక్కే కాదు.

ఉక్రెయిన్ అణ్వాయుధాలు ఇచ్చేయకపోయుంటే రష్యా దాడి చేసేది కాదు కదా?

చెప్పినంత ఈజీ కాదు. సోవియట్ విడిపోయాక ఉక్రెయిన్ నేల మీద దాదాపు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు మిగిలాయి, కానీ వాటిని పేల్చే కోడ్లు మాస్కోలో ఉన్నాయి, వాటిని నిలబెట్టుకునే డబ్బు కీవ్ దగ్గర లేదు. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ మీ సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకం పెట్టాయి, కాపాడతామని మాత్రం పెట్టలేదు. కానీ ఇప్పుడు నార్త్ కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లోనో ఇంకెక్కడో కూర్చున్నవాళ్ళకి ఈ వివరాలన్నీ అనవసరం, ఇచ్చేసినవాడు దెబ్బ తిన్నాడు అనే ఒక్క ముక్కే చెవికెక్కుతుంది.

తుసిడిడీస్ ట్రాప్ ప్రకారం యుద్ధం తప్పదంటారు, నిజమేనా?

ఎదిగే ఏథెన్స్‌ని చూసి స్పార్టా భయపడటమే యుద్ధానికి కారణం అని ఆ గ్రీకు చరిత్రకారుడు రాశాడు. ప్రొఫెసర్ గ్రాహం అలిసన్ ఇలాంటివి 16 సందర్భాలు ఎంచితే 12 యుద్ధంగా మారాయి. ఏ సందర్భాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది ఆయన ఇష్టం కదా, అదీగాక అందులో ఎక్కువ అణుబాంబు పుట్టకముందువి. వాదనకి బాగుంటుంది, జోస్యానికి పనికిరాదు.

రోజూ ఏదో ఒక హెచ్చరిక వస్తుంది, ఏది నిజంగా సీరియస్ అని ఎలా పట్టుకోవాలి?

స్టేట్‌మెంట్లు పక్కన పెట్టి ఖర్చయ్యే పనులు చూడండి. ఉక్రెయిన్ ముందు రష్యా సైన్యం విన్యాసాలని చెప్పి సరిహద్దుకి వచ్చింది, చాలామంది బెదిరింపే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నా. కానీ 2022 జనవరి చివర్లో గాయపడ్డవాళ్ళకి ఎక్కించే రక్తం కూడా సరిహద్దు దగ్గరకి తెస్తున్నారని అమెరికా అధికారులు చెప్పారు. పాడైపోయే రక్తాన్ని ఉత్తినే విన్యాసాల కోసం ఎవరూ మోసుకురారు కదా. ఎంబసీల్లో కాగితాలు, కుటుంబాలు కదలడం ఇంకో గుర్తు.

నేను ఎక్కువగా చూసేది మాత్రం ఓడల ఇన్సూరెన్స్. లండన్‌లో జాయింట్ వార్ కమిటీ అని ఒకటుంది, ఏ సముద్రం ప్రమాదమో లిస్టు వేస్తుంది, అందులో పేరెక్కితే ఆ జలాల్లోకి వెళ్ళే ప్రతి ఓడా ముందే చెప్పి అదనపు ప్రీమియం మాట్లాడుకోవాలి. పుతిన్ దాడి చేయడు అని పెద్ద పెద్దవాళ్ళే టీవీల్లో చెప్తున్న రోజుల్లో, 2022 ఫిబ్రవరి 15న, ఆ కమిటీ ఉక్రెయిన్, రష్యాల నల్ల సముద్ర జలాల్ని లిస్టులో పెట్టేసింది. ట్యాంకులు కదిలింది 24న.